చేతి తడి ఆరేదాకా

నీళ్ళయినా ఇంత చల్లగా ఉండవే అనుకున్నాడు నాగులు, సీసాలోంచి అరచేతిలో పడ్డ నాలుగు మందు చుక్కలను రెండో చేత్తో అదిమి రుద్దుతూ, బయట మార్కాపురం ఎండ ఆసుపత్రి గోడల్ని కాలుస్తుంటే ఇక్కడ చేతులు మాత్రం మంచులో తడిసిన గొంగడిని తెల్లవారుజామున పట్టుకున్నట్టు జిల్లుమంటున్నాయి, ఇంతకుముందే సబ్బుతో మోచేతుల దాకా కడిగించింది సిస్టరమ్మ, గోళ్ళు కత్తిరించుకుని రమ్మని పొద్దున్నే చెప్పింది, కత్తిరించుకునే వచ్చాడు, ఆమె పేరు సీతారత్నమని గుండెల మీది బిళ్ళ చదివి శేషమ్మ చెప్పింది, తన భార్య పదోతరగతి దాకా చదివింది మరి, ఈ సిస్టరమ్మ వాళ్ళ నాయనకు గిద్దలూరు బజారులో కిరాణా దుకాణం ఉందట, కొమరోలు నుంచి బస్సెక్కి వెళ్ళి తను బెల్లం, ఉప్పు కొనుక్కొచ్చేది ఆ వరసలోనే, గల్లాపెట్టె పక్కన కూర్చుని చదువుకునే పిల్లను ఎప్పుడో చూసే ఉంటాడు, వేళ్ళ సందుల్లో గూడా రుద్దాల నాగులన్నా, బొటనవేలు అందరూ మర్చిపోతారు, అంటున్నది ఆమె, బొటనవేళ్ళూ రుద్దాడు, ఇక అయిపోయింది కదా అని అలవాటు కొద్దీ చేతులు లుంగీకి తుడవబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది, తుడిస్తే ఏం లాభమన్నా, తడి ఉన్నంతసేపే అది పని చేసేది, దానంతటదే ఆరనీ, అంది, సరేనని రెండు చేతులూ పైకి పట్టుకుని పోలీసులకు దొరికిపోయినవాడిలా నిలబడ్డాడు, అద్దం తలుపు అవతల దీపాల కింద వరసగా పడుకోబెట్టిన పసిబిడ్డల్లో గోడవైపుది తన కూతురు, ఎనిమిదో నెలలోనే తొందరపడి వచ్చింది, రెండు కిలోలు కూడా తూగలేదు, అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల కొన్నిసార్లు ఇంతకంటే బరువుంటుంది, అది కాసేపటికి వణుకుతూనే కాళ్ళ మీద లేస్తుంది, ఇది కళ్ళయినా తెరవడం లేదు.

తల్లి రొమ్ము మీద ఉండాల్సిన బిడ్డ, కానీ శేషమ్మకు బీపీ ఎక్కి ఫిట్సు వచ్చి, కొమరోలు నుంచి అంబులెన్సులో గిద్దలూరు, గిద్దలూరు నుంచి ఇక్కడికి, దారి పొడుగునా ఆమె తల తన తొడ మీదే, ఆపరేషన్ చేసి బిడ్డను తీశాక ఆమెకు జ్వరం పట్టుకుంది, అది తగ్గేదాకా బిడ్డను ఎత్తుకోకూడదన్నారు, పొద్దున పెద్దడాక్టరమ్మ వచ్చి చూసి, ఈ బిడ్డకు ఇప్పుడు మనిషి ఒంటి వెచ్చదనం కావాల, కంగారు పద్ధతిలో పెట్టండి, తల్లి కాకపోతే తండ్రి, అని చెప్పి ముందుకు నడిచింది, కంగారు అనే మాట చెవిన పడగానే నాగులు, కంగారెందుకమ్మా, ఏమైంది బిడ్డకు, అని సీతారత్నం వెంటపడితే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, అది వేరే దేశపు జంతువన్నా, పిల్లను కడుపు మీది సంచిలో పెట్టుకోని తిరుగుతది, నువ్వు గూడా అట్లనే చొక్కా తీసి బిడ్డను రొమ్ముకు ఆనించుకోని కూర్చోవాల, అంతే, అన్నది, అంతే అని ఆమె ఎంత తేలిగ్గా అన్నదో అతనికి అంత బరువైంది, కరోనా ఏడాది తర్వాత నాగులు ఏ పసిబిడ్డనూ తాకలేదు, అన్న మల్లయ్యకు కొడుకు పుడితే గడప అవతల నిలబడి చూసి బాగున్నాడని చెప్పి మందలోకి పోయాడు, ఊళ్ళో ఆడవాళ్ళు బిడ్డను చేతికివ్వబోతే గొర్రెల కంపు కొడతాన్నా వద్దులే తల్లీ అని వెనక్కు జరిగేవాడు, వాళ్ళు నవ్వేవాళ్ళు, శేషమ్మ నవ్వేది కాదు.

వాసన మాత్రం అచ్చం సారా వాసనే, ఏముందమ్మా ఇందులో, అని అడిగాడు, ఏదో ఒకటి మాట్లాడకపోతే తన భయం ఆమె కనిపెడుతుందేమోనని, స్పిరిటన్నా, సారాకు చుట్టమే గాని తాగితే ప్రాణం తీస్తది, అన్నది సీతారత్నం, చుట్టమేనని అతనికి ముందే తెలుసు, కరోనాలో ఊరి సచివాలయం అరుగు మీద ఈ సీసా పెట్టి వచ్చినోడికల్లా చేతిలో పోసేవాళ్ళు, ఒకనాడు అట్ల పోయించుకుని నాలుగడుగులు వేసి బీడీకి అగ్గిపుల్ల గీస్తే అరచెయ్యి మీద నీలంగా మంట పాకింది, కంటికి సరిగ్గా కనబడనంత పలచని మంట, చెయ్యి మట్టిలో పొడిచి ఆర్పుకున్నాడు, వారం రోజులు బొబ్బ, సబ్బుతో కడగను చోటులేని బస్టాండులో, సంతలో ఇది మంచిదే, అని చెప్పుకుపోతున్నది ఆమె, కొన్ని రకాల క్రిములకు పైన కొవ్వు పొర ఉంటదన్నా, కరోనాదానికీ అంతే, ఈ స్పిరిటు ఆ కొవ్వును కరిగించి పొరను తూట్లు పొడుస్తది, ఇక లోపల ఉండే మాంసకృత్తులు, పాలల్లో నిమ్మకాయ పిండితే ఎట్ల విరుగుతాయో అట్ల విరిగిపోతాయి, విరిగిన పాలు మళ్ళీ పాలవుతాయా, అట్లనే ఆ క్రిమి మళ్ళీ లేవదు, అంది, పాలు విరగడం తెలుసు, కొవ్వు సంగతి ఇంకా బాగా తెలుసు, చలికాలం పొట్టేలును కోసి పంచుకున్నాక చేతికి పట్టిన కొవ్వు చన్నీళ్ళకు కదలదు, పైనుంచి నీళ్ళు జారిపోతాయే గాని అది అక్కడే తెల్లగా పేరుకుని ఉంటుంది, బూడిదా వేన్నీళ్ళూ ఉంటే తప్ప వదలదు, ఇంత చిన్న క్రిమికి కూడా ఒంటి మీద కొవ్వు గొంగడి ఒకటి ఉంటుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు, అట్లయితే నీళ్ళు కలపకుండా ఉత్త స్పిరిటే పోస్తే ఇంకా బాగా చస్తాయి గదా, అన్నాడు, ఆమె ముఖం విప్పారింది, అందరూ అట్లనే అనుకుంటారన్నా, ఉత్తదయితే పైపొరను ఒక్కసారే గట్టిపరిచేస్తది, లోపలికి దిగే దారి అదే మూసేసుకుంటది, చేతి మీంచి గబుక్కున ఎగిరిపోతది గూడా, మూడొంతులు స్పిరిటుకు ఒక వంతు నీళ్ళు ఉంటేనే నిదానంగా లోపలిదాకా పోతది, అంది, నిజమే, మంట ఎక్కువ పెడితే మాంసం పైన మాడుతుంది లోపల నెత్తురు కారుతుంది అనుకున్నాడు, చేతుల మీది తడి పలచబడుతూ వేళ్ళ కొసల నుంచి ఆరుకుంటూ వస్తున్నది, ఆ ఎగిరిపోయేది చేతి వేడిని వెంట తీసుకుపోతదన్నా, అందుకే చల్లగా ఉండేది, అని కూడా చెప్పింది, చెప్పేటప్పుడు ఆమె గొంతులో దుకాణంలో సరుకు చూపించేవాళ్ళ ఓపిక ఉంది, ఆ ఓపిక చూసి ఇంకొక్క మాట అడగవచ్చనిపించింది, ఇంత మంచిది ఉండంగ ముందర సబ్బెందుకమ్మా మరి, అని అడిగాడు, మురికి మీద, జిడ్డు మీద ఇది పని చేయదన్నా, నెత్తురో కొవ్వో మట్టో చేతికి ఉంటే క్రిములు దాని కింద దాక్కుంటాయి, పైన ఎంత పోసినా వాటిని అందుకోలేదు, అందుకే ముందు సబ్బూ నీళ్ళూ, ఆ తర్వాతే ఇది, అని చెప్పి ఆమె తలుపు తీయబోయింది.

నెత్తురో కొవ్వో మట్టో, ఆమె మూడు మాటలూ మామూలుగా అన్నది, నాగులు మాత్రం తలుపు దగ్గరే ఆగిపోయాడు, కరోనా ఏడాది ఎండాకాలం, దోర్నాల పైన అడవి అంచున మంద ఉంది, బస్సుల్లేవు, దారుల్లో కంచెలు, పోలీసులు, శేషమ్మకు కొడుకు పుట్టాడని ఫోనులో తెలిసి కూడా వెంటనే రాలేకపోయాడు, చివరికి మందను ఊరివైపు మళ్ళించుకుని చేల గట్ల మీదుగా నడిచొచ్చాడు, ఊరు కనబడే చోట ఒక గొర్రె ఈనలేక మూలుగుతుంటే చెయ్యి పెట్టి పిల్లను తీశాడు, చెయ్యంతా నెత్తురు, మాయ, ఉన్ని జిడ్డు, ఆకులతో తుడుచుకున్నాడు, నీళ్ళు ఇంటికాడ ఉంటాయిలే అనుకున్నాడు, ఇంటి అరుగు మీద ఆ సీసా ఉంది, దీంతో అన్నీ చస్తాయంట అని ఊరంతా అనుకుంటున్న రోజులు, గుప్పెడు పోసుకుని రుద్దుకున్నాడు, సారా వాసన వేసింది, చేతులు శుభ్రమైపోయాయనుకున్నాడు, పరుగెత్తి బిడ్డను ఎత్తుకున్నాడు, ముద్దు పెట్టుకున్నాడు, వాడు తన చూపుడువేలు పట్టుకుని వదల్లేదు, నాలుగు రోజులకు బిడ్డ పాలు మానేశాడు, ఒళ్ళు కాలిపోయింది, మోటారుసైకిల్ మీద గిద్దలూరు దారి పడితే రైలుగేటు దాటకముందే వెనక కూర్చున్న శేషమ్మ ఒక రకంగా అరిచింది, ఆ అరుపు విన్నాక బండి ఆపి వెనక్కు తిరిగి చూడటానికి అతనికి చాలాసేపు పట్టింది, ఇంటికొచ్చాక శ్రీశైలమ్మ, శేషమ్మ తల్లి, తనకు సొంత మేనత్త కూడా, వాకిట్లో కూలబడి, ఆ గొర్రెల చేత్తో ఎత్తుకున్నాడమ్మా, ఆ గొర్రెల చేత్తో, అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది, ఆ ఒక్కరోజే చెప్పింది, మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు, ఎత్తకపోయినా అది ఇంట్లోనే ఉండిపోయింది, అన్నం వడ్డించేటప్పుడు అత్త అతని చేతి వంక చూసేది కాదు, ముఖం అటు తిప్పుకుని గిన్నె పెట్టేసి వెళ్ళేది, అయినా ఇన్నాళ్ళూ నాగులు లోపల్లోపల ఒక మాట పట్టుకుని బతికాడు, మందు రాసుకున్నా గదా, అన్నీ చచ్చే మందు రాసుకునే గదా ఎత్తుకున్నది, నా చెయ్యి కాదు, అని, ఇప్పుడు ఈ సిస్టరమ్మ ఎంతో మంచిగా, ఏమీ తెలియకుండా, ఆ ఒక్క మాట కూడా లాగేసుకుంది, జిడ్డు మీద పని చేయదట, నా వల్ల కాదు సిస్టరమ్మా, నేను ఎత్తుకోను, మా అత్త ఉంది, ఆమెకియ్యండి, అని వెనక్కు తిరిగి వరండాలోకి వచ్చేశాడు.

వరండాలో గోడకానుకుని నేల మీద కూర్చుని ఉంది శ్రీశైలమ్మ, పక్కన అన్నం గిన్నె మూత కూడా తీయలేదు, అత్తా, బిడ్డను నువ్వు పెట్టుకో రొమ్ము మీద, నాకు చేతగాదు, అన్నాడు, ఆమె తల ఎత్తకుండానే, నాకూ చేతగాదు నాయనా, అంది, ఏం చేతగాదు, ఐదుగురు పిల్లల్ని పెంచినదానివి, ఊళ్ళో సగం కాన్పులు చూసినదానివి, నేనయితే గొర్రెల మనిషిని, అని గొంతు కొంచెం పెంచాడు, గొర్రెల మనిషి అన్నప్పుడు ఆమె మొహం మీద ఏదో కదిలింది, నా ఒళ్ళు వణుకుతాంది, నా చేతికియ్యొద్దు, తండ్రివి నువ్వే ఎత్తుకో, అని గోడవైపు జరిగింది, ఇంత పంతమా అనుకున్నాడు, తన బిడ్డ అంటే ఇంత ఏవగింపా, కొడుకును చంపుకున్నావు ఇప్పుడు కూతుర్ని నువ్వే చూసుకో అని కదా దీని అర్థం, బిడ్డ పుట్టినప్పటి నుంచీ ఈమె అద్దం దగ్గరికైనా వచ్చి చూడలేదు, శేషమ్మ మంచం దగ్గర కూర్చుంటుంది, ఆమె నిద్రపోతే ఇక్కడికొచ్చి కూర్చుంటుంది, మనవరాలి మాటే ఎత్తదు, కోపం గొంతుదాకా వచ్చింది, మూడేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ పళ్ళ వెనక్కు వచ్చి నిలబడ్డాయి, అనేసేవాడే, అంతలో సీతారత్నం తలుపు తీసుకుని బయటికొచ్చింది.

ఆమె ఇద్దరినీ చూసింది, శ్రీశైలమ్మ ముందు గొంతుక్కూర్చుని, పెద్దమ్మా, నువ్వుండడం మంచిదైంది, ఇంటికి పోయినాక చూసుకోవాల్సింది నువ్వే గదా, ఇప్పుడే చెప్పిపెడతా, అంది, తడిసిన బట్ట వెంటనే మార్చాల, చేతులు కడుక్కోకుండా ఎవురికీ ఇయ్యొద్దు, పాలు తప్ప చక్కెర నీళ్ళు గూడా పట్టొద్దు, ఇంకోటి, బొడ్డుకు ఏమీ రాయొద్దు, పొడిగా వదిలేస్తే దానంతటదే రాలిపోతది, బూడిద గాని ఆముదం గాని పసుపు గాని ఏదీ వద్దు, మీ పక్క ఏం రాస్తారు, అని మాటవరసకు అడిగింది, శ్రీశైలమ్మ కుడిచేతిని మెల్లగా పైట కిందికి లాక్కుంది, బొటనవేలిని మిగతా వేళ్ళతో కప్పి పిడికిలి బిగించి మరీ దాచుకుంది, ఆ చెయ్యి అట్ల దాక్కోవడం నాగులు చూశాడు, చూసిన మరుక్షణం మూడేళ్ళ కిందట చూసి కూడా చూడనిది ఒకటి కళ్ళ ముందుకొచ్చింది, పొద్దుగూకాక దీపం దగ్గర అత్త, పిడక బూడిదను ఆముదంతో తడిపి, బొటనవేలు దీపం సెగకు కాచి, పాడుకుంటూ తన కొడుకు బొడ్డు మీద మెత్తగా అద్దేది, తను మందను వదిలి ఇంటికొచ్చిన రోజూ అద్దింది, అంతకుముందూ అద్దింది, తర్వాతా అద్దింది, వాళ్ళమ్మ ఆమెకు నేర్పినట్టే అద్దింది, పిడక బూడిద, పేడ కాదూ అది, అత్త పెదవులు పొడారిపోయి ఉన్నాయి, సిస్టరమ్మ ముఖం వంక చూడటం లేదు, తన వంక చూడటం లేదు, నేల మీది చీమల్ని చూస్తున్నది, ఈ మాట ఆమె ఇవాళ కొత్తగా విన్నది కాదేమో, ఏ ఆశా కార్యకర్తో, ఏ అంగన్‌వాడీ అమ్మాయో ఆ బిడ్డ పోయిన తర్వాత ఎప్పుడో చెప్పే ఉంటుంది, అప్పటి నుంచీ ఈ చెయ్యి ఆ పైట కిందే ఉన్నదేమో.

అత్తను నిలదీయాలనిపించలేదు, అదే వింతగా ఉంది, ఇంతకుముందు గొంతుదాకా వచ్చిన కోపం ఎటు పోయిందో పోయింది, ఇప్పుడు నోటికొచ్చింది కోపం కాదు, ప్రశ్న, సిస్టరమ్మా, పసిబిడ్డకు క్రిమి ఎట్లొస్తాది, ఎవురి వల్ల వచ్చిందో మీకు తెలుస్తాదా, అని అడిగాడు, అడుగుతున్నప్పుడు అత్త ఊపిరి ఆగినట్టు వినబడింది, సీతారత్నం నాగులు ముఖం చూసింది, ముసలామె వంచిన తల చూసింది, దుకాణపు ఓపిక కాదు ఈసారి ఆమె గొంతులో ఉన్నది, ఎట్లయినా రావచ్చన్నా, బొడ్డు నుంచి రావచ్చు, చేతుల నుంచి రావచ్చు, కాన్పప్పుడే తల్లి నుంచి రావచ్చు, నీళ్ళు, బట్టలు, దగ్గు, ఒక్కోసారి ఆసుపత్రిలో అన్నీ సక్రమంగా చేసినా రావచ్చు, పరీక్ష చేస్తే ఏ జాతి క్రిమో తెలుస్తది గాని దాని మీద ఎవురి పేరూ రాసి ఉండదు, పోయిన బిడ్డ గురించి అయితే అసలే చెప్పలేం, అంది, పోయిన బిడ్డ సంగతి ఆమెకు ఎవరు చెప్పారో, శేషమ్మే చెప్పి ఉంటుంది, మనకు చేతనైంది ఇప్పుడున్న బిడ్డకు దారులు మూయడం అన్నా, అదిగాక నువ్వు ఎంతసేపు ఇక్కడ నిలబడితే అంతసేపు ఆ పిల్లకు వెచ్చదనం లేదు, అని లేచింది, నాగులు కూడా కదిలాడు, చేతులు వరండా గోడకు తాకాయి, తలుపు గడియకు తాకాయి, మళ్ళీ మొదటినుంచి కడగాల, అని తనే అన్నాడు, ఆమె తలూపింది, సబ్బు నురగ మోచేతుల దాకా పూసుకున్నాడు, గోరు గోరుకూ రుద్దాడు, అరచేతి గీతల్లో ఏళ్ళ తరబడి పట్టిన మట్టి ఈసారీ పోలేదు, అది మురికి కాదు, తోలు రంగే అట్ల మారిపోయింది, నీళ్ళు వదిలి, ఆరాక స్పిరిటు పోయించుకుని, వేళ్ళ సందులూ బొటనవేళ్ళూ మణికట్లూ రుద్ది, అది ఎగిరిపోయేదాకా కదలకుండా నిలబడ్డాడు, మనసులో ఏ మాటా లేదు, గోడ మీద పంకా తిరుగుతున్న చప్పుడు ఒక్కటే వినబడింది.

కుర్చీలో వెనక్కు వాలి కూర్చోమన్నది సీతారత్నం, చొక్కా తీసిన రొమ్ము మీద పెట్టింది బిడ్డను, ఏమీ పెట్టనట్టే ఉంది మొదట, అంత తేలిక, తర్వాత వెచ్చగా, తడిగా, వేలెడు పాదాలు పొట్ట మీద తగిలాయి, చెంప తన రొమ్ము ఎముకకు ఆనింది, పైన గుడ్డ కప్పి, ఒక చెయ్యి వీపు మీద పెట్టన్నా, ఇంకోటి పిరుదుల కింద, గట్టిగా వద్దు, భయపడీ వద్దు, అంది, అతని అరచెయ్యి బిడ్డ వీపంతా కప్పేసింది, ఇంకా మిగిలింది, ఇంత పెద్ద చెయ్యి ఎందుకు ఇచ్చాడో దేవుడు అనుకున్నాడు, ఆ చెయ్యి కింద ఊపిరి టకటకా ఆడుతున్నది, పిట్ట ఊపిరి, మధ్యలో ఒకసారి ఆగింది, తన ఊపిరీ ఆగింది, సిస్టరమ్మా అనబోయాడు, వీపు మీద వేలితో కొంచెం నిమురు అన్నది ఆమె తొందర లేకుండా, నిమిరాడు, ఊపిరి మళ్ళీ మొదలైంది, నెలలు నిండని బిడ్డలు అట్ల మర్చిపోతుంటారన్నా, ముట్టుకుంటే గుర్తొస్తది, అంది, ముట్టుకుంటే గుర్తొస్తది, ముట్టుకోకపోతే మర్చిపోతుందా, తను ముట్టుకోనని వరండాలోకి పారిపోయిన ఆ కాసేపట్లో ఇది మర్చిపోయి ఉంటే, ఒళ్ళు జలదరించింది, వేలు నిమురుతూనే ఉంది, చెయ్యి తప్పు చేస్తుందని చెయ్యిని దాచుకుంటే కూడా బిడ్డ పోవచ్చు, ఈ సంగతి మూడేళ్ళలో ఒక్కనాడూ తట్టలేదు, కాసేపటికి బిడ్డ ఒళ్ళు తన ఒంటి వేడికి వచ్చింది, ఏది తన వెచ్చదనమో ఏది దానిదో తెలియకుండా పోయింది, తల ఎత్తి చూస్తే అద్దం అవతల అత్త నిలబడి ఉంది, వచ్చిన దగ్గర్నుంచి ఇదే మొదటిసారి ఆమె అద్దం దాకా రావడం, కళ్ళలో నీళ్ళు లేవు, చూపు మాత్రం బిడ్డను వదలడం లేదు, కుడిచెయ్యి ఇంకా పైట కిందే ఉంది.

నాగులు ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు, అన్నం వడ్డించేటప్పుడు ముఖం తిప్పుకున్న అత్త, మల్లయ్య కొడుక్కు నీళ్ళు పోయమని అడిగితే నడుం నొప్పి అన్న అత్త, ఊళ్ళో కాన్పు అంటే ముందుండే మనిషి కాస్తా ఆ ఏడాది నుంచి పిలిచినా గడప దాటని అత్త, ఇవన్నీ తను చూశాడు, అన్నీ తన మీద కోపమే అని లెక్క వేసుకున్నాడు, ఒక మనిషికి తన మీద అంత కోపం ఉంటే ఊరి పిల్లలకు నీళ్ళు పోయడం ఎందుకు మానుకుంటుంది అని ఆలోచించలేదు, ఆ రోజు వాకిట్లో గొర్రెల చేత్తో ఎత్తుకున్నాడని ఏడ్చింది తనను కొట్టడానికి కాదేమో, తప్పు ఆమె చేతిది కాదని చెప్పమని వచ్చినవాళ్ళను అడుక్కున్నదేమో, తను మందు రాసుకున్నా గదా అన్న మాట పట్టుకుని వేలాడినట్టే ఆమె ఆ గొర్రెల చెయ్యి పట్టుకుని వేలాడింది, సిస్టరమ్మా, మా అత్తను గూడా చేతులు కడుక్కోని రమ్మను, నా తర్వాత ఆమె పెట్టుకుంటది, అన్నాడు, సీతారత్నం వెళ్ళి పిలిచింది, నీళ్ళ చప్పుడు చాలాసేపు వినబడింది, అంతసేపు ఎవరూ కడగరు, తర్వాత గౌను తొడుక్కుని, తడి ఆరిన చేతుల్ని ఎవరివో అయినట్టు ముందుకు చాచి, శ్రీశైలమ్మ లోపలికి వచ్చింది, కుర్చీ పక్కన నిలబడి, నా చేతులు మంచియి కావు నాయనా, అని అతనొక్కడికే వినబడేట్టు అన్నది, నావీ కావనే అనుకున్నా అత్తా, ఇన్నేండ్లూ, అన్నాడు నాగులు, బిడ్డ వీపు మీద తన చెయ్యి పక్కన కొంచెం చోటు చేశాడు, ఆమె మొదట వేళ్ళ కొసలు, తర్వాత అరచెయ్యి ఆనించింది, ముడతలు పడ్డ చెయ్యి, గట్టిపడ్డ బొటనవేలు, రెండు చేతుల కింద ఒకే ఊపిరి ఆడుతున్నది, కొడుకును తీసుకుపోయింది ఏ చెయ్యో ఇక ఎన్నటికీ తెలియదు, తనది కావచ్చు, ఆమెది కావచ్చు, ఇద్దరిదీ కాకపోవచ్చు, తెలియకుండానే బతకాలి, కానీ ఒకటి మాత్రం ఇప్పుడు తెలిసింది, ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీది అన్నం తింటూ, మూడేళ్ళుగా వాళ్ళిద్దరూ ఒకరికొకరు భయపడలేదు, ఎవరి చేతికి వాళ్ళే భయపడ్డారు.